డ్యాముల పక్కనే చీకటి: సీలేరు నీళ్ళ కరెంటు ఎంత, ఎప్పుడు, ఎవరికి?

వానాకాలం సాయంత్రం జయపురంలోనో మల్కన్‌గిరిలోనో కరెంటు పోతే ఎక్కడో ఒకచోట ఈ మాట వినిపిస్తుంది: "చుట్టూ ఇన్ని డ్యాములు పెట్టుకుని మనకే కరెంటు లేదు." ఒడిశాలోని కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఇది కొత్త మాట కాదు. మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ కొలాబ్, ఎగువ ఇంద్రావతి అన్నీ మన చుట్టూనే ఉన్నాయి.

ఇప్పుడు ఈ చర్చ మళ్ళీ మొదలైంది. సరిహద్దుకు అటుపక్క ఎగువ సీలేరు దగ్గర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి, మళ్ళీ కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టు తలపెట్టింది. ఇటుపక్క ఎగువ ఇంద్రావతి దగ్గర 600 మెగావాట్లతో అలాంటిదే మరొకటి ప్రణాళికలో ఉంది. జలవిద్యుత్తు లేకపోతే దేశం ముందుకు పోదని కొందరు అంటున్నారు. డెబ్బై ఏళ్ళుగా డ్యాములు కడుతూనే ఉన్నారు కదా, కొండమీది ఊళ్ళకు ఏం ఒరిగిందని మరికొందరు అడుగుతున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే విషయం గురించి కాదు. డ్యాము కరెంటు పుట్టిస్తుందా అనేది ఒక ప్రశ్న. పుట్టిన కరెంటు ఏ గంటలో, ఏ ధరకు, ఏ తీగ చివర అందుతుందనేది వేరే ప్రశ్న.

మెగావాట్లు చూసి మోసపోకూడదు

ప్రాజెక్టు గురించి పేపర్లో ఏం వచ్చినా మొదట కనిపించేది మెగావాట్లే. మెగావాట్ అంటే స్థాపిత సామర్థ్యం, అంటే ఒక క్షణంలో ఆ యంత్రాలు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలవో చెప్పే కొలత. కరెంటు బిల్లులో మనం డబ్బు కట్టేది యూనిట్లకు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. నల్లా ఎంత లావుందో మెగావాట్ చెబుతుంది, రోజు చివరికి ఎన్ని బిందెలు నిండాయో యూనిట్లు చెబుతాయి. నల్లా ఎంత లావున్నా నీళ్ళు గంటసేపే వస్తే బిందెలు కొన్నే నిండుతాయి.

మాచ్‌ఖండ్ సామర్థ్యం 120 మెగావాట్లు. ఏడాదికి 8,760 గంటలు. ఆరు యంత్రాలూ ఒక్క నిమిషం ఆగకుండా తిరిగితే ఏడాదికి సుమారు 105 కోట్ల యూనిట్లు రావాలి. ఏ జలవిద్యుత్ కేంద్రమూ అలా తిరగదు. నీళ్ళు చాలవు, మరమ్మతులు ఉంటాయి, అవసరం లేని గంటల్లో కావాలనే ఆపుతారు. నిజంగా వచ్చిన యూనిట్లు రావలసిన గరిష్ఠంలో ఎంత శాతమో దాన్ని సామర్థ్య వినియోగం అంటారు.

దేశం మొత్తం మీద పెద్ద జలవిద్యుత్ కేంద్రాల సామర్థ్యం సుమారు 47 వేల మెగావాట్లు. 2022-23లో వాటి నుంచి 16,200 కోట్ల యూనిట్లు వచ్చాయి. వానలు సరిగా పడని 2023-24లో వచ్చింది 13,400 కోట్లు. అంటే వినియోగం మంచి ఏడాదిలో 39 శాతం, చెడ్డ ఏడాదిలో 33 శాతం. కాబట్టి వంద మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం అనే మాట వింటే, సగటున 35 మెగావాట్లు నిరంతరం ఇచ్చే కేంద్రం అనుకుంటే మన అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఒక టీఎంసీ నీరు, కొండ ఎత్తు

నీటి నుంచి వచ్చే కరెంటును రెండే నిర్ణయిస్తాయి: ఎంత నీరు, ఎంత ఎత్తు నుంచి పడుతోంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ నీటిని 250 మీటర్ల ఎత్తు నుంచి పెద్ద గొట్టాల్లో దించి టర్బైన్ తిప్పామనుకుందాం. దారిలోనూ యంత్రాల్లోనూ పోయేది తీసేస్తే సుమారు 1.7 కోట్ల యూనిట్లు వస్తాయి. నెలకు వంద యూనిట్లు వాడే ఇల్లు ఏడాదికి 1,200 యూనిట్లు వాడుతుంది. ఆ లెక్కన ఆ ఒక్క టీఎంసీతో 14 వేల ఇళ్ళకు ఏడాది పొడవునా కరెంటు ఇవ్వవచ్చు.

అదే టీఎంసీ మైదానంలో ఐదు మీటర్ల ఎత్తున్న కాలువ దగ్గర పడితే వచ్చేది మూడున్నర లక్షల యూనిట్లు. తేడా యాభై రెట్లు. ప్రభుత్వాలకూ కంపెనీలకూ తూర్పు కనుమల మీద కన్ను పడటానికి అసలు కారణం ఇదే. ఇక్కడ వాన బాగా పడుతుంది, నది కొద్ది దూరంలోనే వందల మీటర్లు కిందికి దిగుతుంది. డుడుమ జలపాతం చూసినవారికి ఈ విషయం లెక్కలు లేకుండానే అర్థమవుతుంది.

మాచ్‌ఖండ్ పుట్టింది ఆ జలపాతం దగ్గరే. పైన జోలాపుట్ జలాశయంలో 34 టీఎంసీల నీరు నిలుస్తుంది. అక్కడి నుంచి డుడుమకు, ఒనకడిల్లి మీదుగా గొట్టాల్లో లోయలోకి దిగుతుంది. పవర్‌హౌస్ ఎంత లోతులో ఉందంటే, సిబ్బంది వించ్ మీద దిగవలసిందే. 1955లో మొదటి యంత్రం తిరిగింది. అప్పటికి ఉత్తరాంధ్రకూ కోస్తాకూ మరో పెద్ద కరెంటు ఆధారం లేదు. విశాఖ వైపు పోయిన ఆ లైన్లు మిల్లులనూ పట్టణాలనూ నడిపాయి. పేద దేశంలో డ్యాముల వల్ల ఉపయోగమే లేదనేవారు ఈ చరిత్రను పక్కనపెట్టలేరు.

ఒకే నది, ఐదు పవర్‌హౌసులు

మాచ్‌ఖండ్ నుంచి బయటికొచ్చిన నీరే కిందికి పోయి సీలేరు అవుతుంది. చిత్రకొండ దగ్గర బలిమెల జలాశయంలో చేరుతుంది. 1962లో రెండు రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ నీటిని చెరి సగం పంచుకుంటారు. ఒడిశా తన సగాన్ని సొరంగం ద్వారా బలిమెల పవర్‌హౌస్‌కు మళ్ళిస్తుంది. 1970లలో 360 మెగావాట్లతో మొదలైన ఆ కేంద్రానికి తర్వాత రెండు యంత్రాలు కలిసి ఇప్పుడు 510 మెగావాట్లైంది. ఆ నీరే పొట్టేరు కాలువల్లో పారి మల్కన్‌గిరి మైదానంలో వరి పండిస్తుంది. ఆంధ్ర సగం నదిలోనే కిందికి పోయి ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతుంది. తర్వాత శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది.

అన్నీ కలిపితే ఈ ఒక్క నది మీద 1,355 మెగావాట్లు. మాచ్‌ఖండ్‌లో కరెంటు ఇచ్చిన చుక్కే బలిమెలలోనో సీలేరులోనో మళ్ళీ ఇస్తుంది. ఒక్కో డ్యామును విడిగా చూసి "ఇంతేనా" అనడం, లేదా ఒక్కదాన్ని చూపించి "ఎంత గొప్పదో" అనడం, రెండూ పొరపాటే. నదిని మొత్తంగా చూడాలి.

వాటాల్లో మాత్రం తగాదా తక్కువేం కాలేదు. మాచ్‌ఖండ్ కరెంటులో మొదట ఆంధ్రకు 70, ఒడిశాకు 30 శాతం వాటా. నది ఇక్కడ, మునిగిన ఊళ్ళు ఇక్కడ, కరెంటు అక్కడ అనే బాధ కొరాపుట్‌లో దశాబ్దాలు నడిచింది. తనకు సగం రావాలని ఒడిశా అడుగుతూ వచ్చింది. అప్పట్లో పెట్టుబడిలో ఎక్కువ భాగం పెట్టిందీ, కరెంటు కొనగల పట్టణాలున్నదీ ఆంధ్ర వైపు అనేది అవతలి వాదన. 1950లలో కొరాపుట్‌లో కరెంటు వాడే పరిశ్రమ పెద్దగా లేదన్నది నిజమే. కరెంటు లేకుండా పరిశ్రమ ఎలా వస్తుందన్నదీ అంతే నిజం.

సాయంత్రం ఏడు గంటల యూనిట్ విలువ వేరు

యూనిట్లన్నీ సమానం కావు. మధ్యాహ్నం పన్నెండింటికి దేశమంతా సోలార్ కరెంటు దండిగా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటితే సోలార్ సున్నా. అదే సమయంలో ఇళ్ళలో లైట్లు, టీవీలు, మిక్సీలు, ఎండాకాలమైతే ఏసీలు. బొగ్గు కేంద్రం చల్లబడిపోతే మళ్ళీ పూర్తి స్థాయికి రావడానికి గంటలు పడుతుంది. జలవిద్యుత్ యంత్రం నిమిషాల్లో మొదలవుతుంది, నిమిషాల్లో ఆగుతుంది.

దీనికి మంచి ఉదాహరణ 2020 ఏప్రిల్ 5. కొవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు ఇళ్ళలో లైట్లు ఆర్పమని ప్రధాని పిలుపునిచ్చారు. దేశం మొత్తం వాడకం ఉన్నట్టుండి 31 వేల మెగావాట్లు పడిపోయింది, మళ్ళీ అంత వేగంగానూ లేచింది. వాడకం పడిపోతే ఉత్పత్తి కూడా ఆ క్షణంలోనే తగ్గాలి, లేకపోతే గ్రిడ్, అంటే కేంద్రాలన్నిటినీ ఊళ్ళతో కలిపే తీగల వల, కుప్పకూలుతుంది. గ్రిడ్ నడిపేవారికి అది ఎంత టెన్షనో ఊహించవచ్చు. ఆ కొద్ది నిమిషాల్లో జలవిద్యుత్ ఉత్పత్తిని సుమారు 25,500 మెగావాట్ల నుంచి 8,000కు దించి, వెంటనే పైకి తెచ్చారు. గ్రిడ్ నిలబడింది. ఆ పని బొగ్గు కేంద్రాలు ఒంటరిగా చేయలేవు. గ్రిడ్ మొత్తం ఆగిపోయినప్పుడు బయటి కరెంటు సాయం లేకుండా మొదట లేచి మిగతా కేంద్రాలను లేపేవి కూడా ఎక్కువగా జలవిద్యుత్ కేంద్రాలే.

1960లలో దేశ విద్యుత్ సామర్థ్యంలో దాదాపు 45 శాతం జలవిద్యుత్తే. ఇప్పుడది పదో వంతు. వాటా తగ్గింది కాబట్టి ప్రాముఖ్యం కూడా తగ్గిందనుకుంటాం. సోలార్ పెరిగేకొద్దీ సాయంత్రం పూట ఆదుకునేవాటి అవసరం పెరుగుతోంది కనుక జలవిద్యుత్ యూనిట్‌కు విలువ పెరుగుతోందని నా అభిప్రాయం.

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఆ విలువ దక్కాలంటే నీటిని సాయంత్రం దాకా ఆపుకునే స్వేచ్ఛ ఉండాలి. పొట్టేరు కింద వరికి నీరు కావలసింది పైరు అవసరాన్ని బట్టి, గ్రిడ్ అవసరాన్ని బట్టి కాదు. గోదావరి జిల్లాల్లో నదిలో సహజ ప్రవాహం తగ్గిపోయాక దాళ్వా (రెండో కారు వరి) పంట చాలావరకు సీలేరు నుంచి వదిలే నీటి మీదే గట్టెక్కుతుంది. అప్పుడు పగలూ రాత్రీ నీరు వదలాలి, కరెంటు కావలసిన గంట అనే లెక్క వెనక్కి పోతుంది. ఒకే నీటితో కరెంటు, సాగు రెండూ సాధించామని కాగితం మీద రాసుకుంటాం. నిజంగా ఏ రోజు చూసినా ఒకదాని కోసం రెండోది కొంత వదులుకుంటూనే ఉంటాం.

వాన మోసం చేసిన ఏడాది

జలవిద్యుత్తు మీద వచ్చే విమర్శల్లో చాలా బలమైనది ఇదే. కరువు వచ్చినప్పుడు నీరు తగ్గుతుంది. అదే ఏడాది ఎండలు ముదిరి, బోర్లు ఎక్కువ నడిచి కరెంటు వాడకం పెరుగుతుంది. అవసరం పెరిగినప్పుడే ఆధారం తగ్గుతుంది.

ఆఫ్రికాలోని జాంబియా తన కరెంటులో 80 శాతానికి పైగా డ్యాముల నుంచే తెచ్చుకుంటుంది. 2024 కరువులో కరీబా జలాశయం అడుగంటింది. రోజులో చాలా గంటలు కరెంటు లేక చిన్న వ్యాపారాలు చితికిపోయాయి. పక్కనున్న జింబాబ్వేదీ అదే జలాశయం, అదే కష్టం. హిమాలయాల్లోని భూటాన్ సంగతి ఇంకోలా ఉంటుంది. వానాకాలంలో మనకు కరెంటు అమ్మి దేశ ఆదాయంలో పెద్ద భాగం సంపాదిస్తుంది, చలికాలంలో నదులు సన్నబడితే మన దగ్గరే కొంటుంది. భూటాన్‌కు పక్కన పెద్ద గ్రిడ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. జాంబియాకు అంత అండ లేదు.

2023-24లో మన దేశంలో జలవిద్యుత్తు 17 శాతం పడిపోయినా చీకటి పడకపోవడానికి కారణం ఇదే. మనకు బొగ్గు ఉంది, సోలార్ ఉంది, దేశమంతా ఒకే గ్రిడ్ ఉంది. కాబట్టి డ్యాములు పనికొస్తాయా అన్న ప్రశ్నకు ఏ దేశంలో, పక్కన ఇంకేం ఉన్నాయి అనేది చూడకుండా జవాబు చెప్పలేం. మొత్తం భారం మోసేటప్పుడు డ్యాము నమ్మదగింది కాదు. ఇతర కేంద్రాలకు తోడుగా ఉన్నప్పుడు చాలా విలువైనది.

పూడిక గురించి ఒక్క మాట. కొండల మీద అడవి పోయినకొద్దీ మట్టి జారి జలాశయంలోకి వస్తుంది, నిల్వ తగ్గుతుంది. యంత్రాలు మార్చుకోవచ్చు కానీ పూడిన జలాశయాన్ని తవ్వి తీయడం దాదాపు కాని పని.

మొదట భారం, తర్వాత చౌక

ఒడిశా జలవిద్యుత్ కార్పొరేషన్ పాత కేంద్రాల నుంచి వచ్చే యూనిట్ చాలా ఏళ్ళపాటు రూపాయి అటూ ఇటూ ఉంది. అది చూసి నీటి కరెంటు చౌక అంటాం. అందులో దాగిన విషయం, ఆ డ్యాముల అప్పు ఎప్పుడో తీరిపోయింది.

కొత్తది కడితే ఎలా ఉంటుందో ఉజ్జాయింపుగా చూద్దాం. వంద మెగావాట్ల ప్రాజెక్టుకు వెయ్యి కోట్లు ఖర్చనుకుందాం. 35 శాతం వినియోగంతో ఏడాదికి సుమారు 30.7 కోట్ల యూనిట్లు. వడ్డీ, అప్పు వాయిదా, నిర్వహణ కలిపి పెట్టుబడిలో 11 శాతం అనుకుంటే ఏడాదికి 110 కోట్లు. యూనిట్ ధర మూడు రూపాయల అరవై పైసల దగ్గర తేలుతుంది, ఫరవాలేదు. ఇప్పుడు నిర్మాణ ఖర్చు రెట్టింపైందనుకోండి, యూనిట్ ఏడు రూపాయలు దాటుతుంది.

ఇది గాలిలో లెక్క కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా 245 పెద్ద డ్యాములను పరిశీలించి 2014లో ఫలితం ప్రకటించారు. అసలు ఖర్చు అంచనా కంటే సగటున 96 శాతం ఎక్కువైంది, కట్టడానికి 44 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఆ సగటును కొన్ని భారీ వైఫల్యాలు పైకి లాగాయన్నదీ చెప్పాలి. వరుసలో సరిగ్గా మధ్యనున్న డ్యామును చూస్తే ఖర్చు పెరిగింది 27 శాతమే. అయినా పేద దేశానికి ఒక్క భారీ వైఫల్యం చాలు, ఆ అప్పు ఒక తరం మోయాలి.

ఎదుటి వాదన కూడా గట్టిదే. బొగ్గు కేంద్రం ముప్పై నలభై ఏళ్ళకు పాతబడుతుంది, రోజూ బొగ్గు కొనాలి. మాచ్‌ఖండ్ 70 ఏళ్ళు దాటినా తిరుగుతోంది, దాని నీటికి ఎవరికీ బిల్లు కట్టలేదు. మొదటి పాతికేళ్ళు చూస్తే డ్యాము ఖరీదు, తర్వాతి యాభై ఏళ్ళు చూస్తే అంత చౌక ఇంకేదీ కాదు. అయితే మొదటి పాతికేళ్ళ భారం మోసేవాళ్ళూ తర్వాత లాభపడేవాళ్ళూ ఒకరే కారు.

పంప్డ్ స్టోరేజ్ కరెంటు పుట్టించదు

వార్తల్లో 1,350 మెగావాట్లు అని చదివినవారిలో చాలామంది దాన్ని మరో డ్యాము అనుకుంటున్నారు. సీలేరు మీద ఇన్నేళ్ళలో పెరుగుతూ వచ్చిన మొత్తం సామర్థ్యం 1,355 అని పైన చూశాం. ఒక్క కొత్త ప్రాజెక్టు దాదాపు అంతే ఉంది. కానీ రెండూ ఒకటి కావు.

పంప్డ్ స్టోరేజ్‌లో ఎత్తులో ఒక జలాశయం, కింద ఒకటి ఉంటాయి. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలినప్పుడు దానితో కింది నీటిని పైకి తోడతారు. సాయంత్రం ఆ నీటినే కిందికి వదిలి కరెంటు తీస్తారు. వంద యూనిట్లు పెట్టి తోడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. మిగిలింది దారిలో పోతుంది. మొత్తం ఏడాది లెక్క తీస్తే ఇది కరెంటును వాడుకునే కేంద్రమే.

అయితే ఎందుకు? మధ్యాహ్నం యూనిట్ రెండున్నర రూపాయలకు దొరికితే, తోడటంలో పోయింది కలుపుకుని సాయంత్రం యూనిట్‌కు మూడు రూపాయల ఇరవై ఐదు పైసల దాకా పడుతుంది. దాని మీద నిర్మాణ ఖర్చు. సాయంత్రం మార్కెట్లో కరెంటు అంతకంటే చాలా ఎక్కువ పలికితే లాభం, లేకపోతే నష్టం. వాన మీద ఆధారం తక్కువ. జలాశయాన్ని ఒకసారి నింపాక ఆవిరై పోయినంత మళ్ళీ నింపుకుంటే చాలు. ఎగువ సీలేరు ప్రాజెక్టును ఇప్పటికే ఉన్న జలాశయాలను వాడుకునేలా రూపొందించారు కనుక కొత్తగా మునిగేది తక్కువ. కనుమల్లో ఇతర చోట్ల కొండ మీద కొత్తగా జలాశయం తవ్వే ప్రతిపాదనలకు ఈ మాట వర్తించదు. అక్కడ అడవి పోతుంది, పోడు భూములు పోతాయి, ఊటలు ఏమవుతాయో చూడాలి. "పంప్డ్ స్టోరేజ్ మంచిదేనా" అని గంపగుత్తగా అడిగితే జవాబు రాదు. ఏ కొండ, ఏ జలాశయం అని అడగాలి.

తీగలు తల మీదుగా పోయాయి

ఇక మొదటి ఫిర్యాదుకు వద్దాం. డ్యాము పక్కనే ఉన్నా కరెంటు ఎందుకు పోతుంది?

పవర్‌హౌస్ నుంచి బయలుదేరే లైన్లు 132 లేదా 220 కిలోవోల్టులవి. దూరం పోవాలంటే అంత వోల్టేజీ ఉండాలి. మన ఇంటికి కావలసింది 230 వోల్టులు. మధ్యలో సబ్‌స్టేషన్‌లో 33 కిలోవోల్టులకు, మళ్ళీ 11కు, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంటి వోల్టేజీకి దించాలి. పెద్ద లైన్ మన ఇంటి కప్పు మీదుగా పోతున్నా దాని నుంచి నేరుగా ఒక్క బల్బు వెలిగించలేం. ముప్పై ఇళ్ళ గూడెం కోసం కొండల్లో స్తంభాలు పాతి లైన్ లాగితే వచ్చే బిల్లులతో ఆ ఖర్చు ఎన్నటికీ తిరిగి రాదు. కాబట్టి లాభనష్టాలు చూసేవారెవరూ తమంతట తాము ఆ లైన్ వేయరు. ప్రభుత్వం వేయించాలి.

పుట్టిన కరెంటంతా మొదట గ్రిడ్‌లో కలుస్తుంది. బలిమెల యంత్రాలు ఆగినా జయపురంలో లైట్లు వెలుగుతాయి, అవి పూర్తిగా తిరుగుతున్నా ఘాట్ రోడ్డులో చెట్టు విరిగి 11 కిలోవోల్టుల లైన్ మీద పడితే జయపురం చీకటవుతుంది. మన ఊళ్ళలో కరెంటు పోవడంలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. దానికి మందు ఇంకో డ్యాము కాదు. గట్టి స్తంభాలు, కప్పిన తీగలు, దగ్గరలో లైన్‌మెన్.

ఈ తేడాకు బలిమెల వెనకనున్న ఊళ్ళంత బాధాకరమైన ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు. జలాశయం నిండాక చిత్రకొండ అవతల 151 ఊళ్ళు మూడు పక్కలా నీటితో, నాలుగో పక్క ఆంధ్ర సరిహద్దు అడవులతో తెగిపోయాయి. ఏవోబీ (ఆంధ్ర-ఒడిశా సరిహద్దు)లో అందరూ దాన్ని కటాఫ్ ఏరియా అనే పిలిచారు. సంతకు రావాలన్నా ఆసుపత్రికి రావాలన్నా లాంచీయో నాటు పడవో దిక్కు. 1973లో బలిమెల కరెంటు మొదలైంది. వంతెనకు 1982లో శంకుస్థాపన చేశారు. 910 మీటర్ల ఆ గురుప్రియ వంతెన 2018 జులై 26న ప్రారంభమైంది. చాలా ఊళ్ళకు కరెంటు తీగ ఆ తర్వాతే చేరింది. తమ పొలాలను ముంచిన నీటితో పుట్టిన కరెంటు ఆ ఇళ్ళకు చేరేసరికి 45 ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యలో పుట్టి, చదువు లేక పెరిగి, తల్లిదండ్రులైనవాళ్ళున్నారు. యంత్రాల వైపు ఏ లోపమూ లేదు. నీరు పడింది, టర్బైన్ తిరిగింది, యూనిట్లు వచ్చాయి. తీగ వేయలేదు, దారి వేయలేదు.

పోగొట్టుకున్నవారి వాటా ఎంతవుతుంది

మాచ్‌ఖండ్ కోసం దాదాపు మూడు వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. అందులో సగానికి పైగా ఆదివాసీలు. పునరావాసం దక్కింది నాలుగో వంతు కంటే తక్కువ మందికి. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అది పట్టా ఉన్న భూమికి డబ్బు ఇస్తుంది. పోడు భూమికి, మేత బీడుకు, ఇప్పచెట్టుకు, అడవి మీద బతికిన బతుకుకు అందులో చోటు లేదు. పట్టా లేని కుటుంబం ఆ చట్టం కళ్ళకు కనిపించనే లేదు. దేశ జనాభాలో 8 శాతం ఉన్న ఆదివాసీలు ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులైనవారిలో 40 శాతం దాకా ఉన్నారని అంచనా.

తర్వాత చట్టాలు మారాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారమిచ్చిన పెసా 1996లో, అటవీ హక్కుల చట్టం 2006లో, కొత్త భూసేకరణ చట్టం 2013లో వచ్చాయి. కొరాపుట్, మల్కన్‌గిరి రెండూ ఐదో షెడ్యూల్ జిల్లాలే. దిగువన పోలవరం వల్ల మల్కన్‌గిరిలో మోతు వైపు ఊళ్ళు మునుగుతాయని ఒడిశా సుప్రీంకోర్టులో పోరాడుతోంది. అంటే ఇది ముగిసిన చరిత్ర కాదు.

డ్యాములను సమర్థించేవారు ఇక్కడ ఒక మాట అంటారు: దేశం మొత్తానికి లాభం కావాలంటే కొందరు కొంత నష్టపోక తప్పదు. ఆ కొందరికి లాభంలో వాటా పెడితే ఎంత ఖర్చవుతుందో చూస్తే ఆ మాట నిలబడదు. 2008 జలవిద్యుత్ విధానంలో ఒక నియమం పెట్టారు. ప్రాజెక్టు వల్ల దెబ్బతిన్న ప్రతి కుటుంబానికి నెలకు వంద యూనిట్లు పదేళ్ళపాటు ఉచితంగా ఇవ్వాలి, కరెంటుగానో నగదుగానో. అప్పటికి మాచ్‌ఖండ్‌కు యాభై ఏళ్ళు దాటాయి. అదే నియమం మొదటి నుంచీ ఉండి ఉంటే ఏమయ్యేది? మూడు వేల కుటుంబాలకు ఏడాదికి 36 లక్షల యూనిట్లు. మాచ్‌ఖండ్ ఆరు యంత్రాలు పూర్తిగా తిరిగితే గంటకు 1.2 లక్షల యూనిట్లు వస్తాయి. మూడు వేల కుటుంబాల ఏడాది కరెంటు ఆ పవర్‌హౌస్‌కు 30 గంటల పని. అదే ఎగువ సీలేరులో రాబోయే 1,350 మెగావాట్ల యంత్రాలు పూర్తిగా తిరిగితే మూడు గంటలు కూడా పట్టదు.